వంతెన కాపరి ఇక ఒక్కడే

ఏప్రిల్ 6

అమ్మడూ,

మొన్న డాక్టరుగారు నా మెడలోకి టార్చి వేసి చూసి, "బ్రహ్మాండంగా ఉంది" అన్నారు. ఆపరేషన్లో పెట్టిన రంధ్రం బ్రహ్మాండంగా ఉందట. గొంతు మాత్రం పోయిందే పోయింది. అది మనకు కొత్త సంగతి కాదు కాబట్టి పక్కన పెడతాను.

ఫోన్లో మెసేజి పెట్టక ఈ ఉత్తరాలేమిటని మీ అమ్మ గొణుగుతోంది. మెసేజంటే "తిన్నావా", "తిన్నాను"తో సరి. కూరగాయల టోకు మార్కెట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు వేలం పాడించినవాణ్ణి. ఆ మాటలన్నీ ఎక్కడికి పోతాయి? కాగితం మీదికి రావాల్సిందే.

ఇక అసలు సంగతి. ఆపరేషన్ అయ్యాక పొద్దుపోవడానికని మీ కంపెనీ కార్డుల ఆట నా కంప్యూటర్లో పెట్టి వెళ్ళావు చూడు, అందులో నేను ఫైనల్ పోటీలకు ఎంపికయ్యాను! జూన్‌లో, ఒక పెద్ద హాల్లో, అరవై నాలుగు మందిమి ఎదురెదురుగా కూర్చుని ఆడాలి. ఆటలో నా పేరు "మూడోసారి". వేలంలో ఆఖరి మాట అదే కదా.

మీ అమ్మ ముందు నేను పేకాటలో పడ్డాననుకుంది. "గొంతు పోయింది సరే, బుద్ధి కూడా పోయిందట్రా?" అని మేడ మీంచి దిగొచ్చి మరీ అడిగింది. తెర చూపించాను. కాసేపు కళ్ళద్దాలు ముందుకీ వెనక్కీ జరుపుకుని, "ఇందులో రాజూ రాణీ లేరే?" అంది, కొంచెం నిరాశగా.

నా బలమంతా వంతెన కాపరి అనే కార్డు. నలభై కార్డుల డెక్‌లో ఏదైనా మూడు దాకా పెట్టుకోవచ్చు కదా, నేను కాపర్లను ముగ్గురినీ పెట్టాను. ఒకడు దిగితే ఎదుటివాడు వంతుకు రెండు కార్డులే వెయ్యగలడు. ఇద్దరైతే ఒకటి. ముగ్గురూ దిగారా, వాడి చేతులు కట్టేసినట్టే. ఇక నాదే రాజ్యం. రోజూ "సూది" అనే ఆవిడతో సాధన చేస్తున్నాను. ఆవిడ బట్టలు కుడుతుందట. ఏ ఊరో అడగలేదు. ఆవిడా కాపర్లతోనే ఆడుతుంది.

ఒకటి చెప్పనా? నాకు గొంతు లేదని అక్కడ ఎవరికీ తెలీదు. అక్కడ ఎవరికీ గొంతు లేదుగా!

కార్డుల బలాబలాలు తూచే టీములోనే ఉన్నావు కదా నువ్వు. నా డెక్‌లో లోపముంటే మొహమాటం లేకుండా చెప్పు.

నీ మావయ్య


ఏప్రిల్ 13

మావయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అరవై నాలుగు మందిలో నువ్వు! అమ్మ ఫోన్లో "వాడేదో గెలిచాడటే, ఏం గెలిచాడో వాడికీ తెలిసినట్టు లేదు" అంది. నేను నవ్వాను. తర్వాత చాలాసేపు నవ్వు రాలేదు, పని ఒత్తిడి.

ఇక్కడ మా అంతస్తులో కిటికీలు తెరుచుకోవు. వర్షం పడిందో లేదో కింద గొడుగులు చూసి తెలుసుకోవాలి. మూడు నెలలకోసారి మేం లిమిట్ లిస్టు ఇస్తాం: ఏ కార్డు మూడు ఉండొచ్చు, ఏది ఒకటే ఉండాలి, ఏది అసలే ఉండకూడదు. ఆ లిస్టు వచ్చే ముందు నెలంతా మా బతుకు ఉడుకుతున్న కుండే. లిస్టు గురించి ఇంట్లో వాళ్ళతో కూడా మాట్లాడకూడదని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. అందుకే నీ డెక్ మంచిదనీ చెడ్డదనీ నేను అనకూడదు. ఏమీ అనుకోకు.

అయినా, ఇంకో డెక్ కూడా నేర్చుకో మావయ్యా. ఊరికే, సరదాకి. జూన్ దాకా బోలెడు టైముంది. ఒక్క డెక్‌నే నమ్ముకుంటే విసుగు పుడుతుంది కదా.

మెడ మీది గుడ్డ రోజుకు రెండుసార్లు మారుస్తున్నావా?

ప్రేమతో
అమ్మడు


ఏప్రిల్ 20

అమ్మడికి,

గుడ్డ మారుస్తున్నాను. మూడుసార్లు.

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. ఇంకో డెక్ నేర్చుకోవాలా? సరదాకా? ఈ ముసలాడు ఏదో గుడ్డిదెబ్బలో ఎంపికయ్యాడు, ఫైనల్‌కి పోతే నవ్వులపాలవుతాడు అనుకున్నావన్నమాట. నేరుగా రాస్తే పోయేదిగా. మార్కెట్లో నా ఎదుట నిలబడి "నీ తూకం తప్పు" అన్నవాళ్ళని నేనెప్పుడూ కోప్పడలేదు. వెనకనుంచి గొణిగినవాళ్ళనే పట్టుకుని ఉతికేవాణ్ణి.

మీ అమ్మకి చూపించాను. "అది నీ మంచికే చెప్పి ఉంటుందిలే" అంది. మీ ఇద్దరూ ఎప్పుడూ ఒక జట్టే.

ఉండబట్టలేక సూదిని కూడా అడిగాను. "మా మేనకోడలు ఇంకో డెక్ నేర్చుకోమంటోంది, నేనంత చేతకానివాడిలా ఆడుతున్నానా?" అని టైపు చేశాను. ఆవిడ వెంటనే, "అదేం మాట బాబాయిగారూ, మీలా కాపర్లని దించేవాళ్ళు లేరు" అంది. ఆ తర్వాత "ఇంతకీ మీ మేనకోడలు ఏం చేస్తుంది?" అనడిగింది. చెప్పాను. ఎంత గర్వంగా చెప్పానో నీకేం తెలుసు. ఆవిడ "ఓహో" అని రాసి, దారాలు తెచ్చుకోవాలని ఆట మధ్యలో వెళ్ళిపోయింది.

చూశావా, బయటివాళ్ళకు నా మీదున్న గౌరవం ఇంట్లోవాళ్ళకు లేదు.

మావయ్య


ఏప్రిల్ 27

మావయ్యా,

తొందరగా రాస్తున్నాను. ఆ సూది ఎవరు? ఆవిడతో సరిగ్గా ఏ మాటలన్నావో, అక్షరం పొల్లుపోకుండా రాయి. ఇంకెవరితోనైనా అన్నావా? దయచేసి నేనెక్కడ పనిచేస్తున్నానో ఎవరికీ చెప్పకు. నేను నీ మేనకోడలినని కూడా చెప్పకు. ఆ ఆటలో ఉన్నంతసేపూ నీకు మేనకోడలే లేదనుకో.

నిన్ను తక్కువ చేసి నేనేమీ రాయలేదు. ఒట్టు.

అమ్మడు


మే 5

ఆఫీసరమ్మగారి దివ్యసముఖానికి,

నాకు మేనకోడలే లేదనుకోమని సెలవిచ్చారు. సరే. అలాగైతే తమకు మేనమామా లేడు. ఇది ఎవరో దారినపోయే దానయ్య రాస్తున్న ఉత్తరం.

మూడో తారీకున లిస్టు వచ్చింది. వంతెన కాపరి ఇకమీదట డెక్‌కి ఒక్కడే. ఒక్క కాపరితో కట్టడం కాదుగదా, ఎదుటివాడి చెయ్యి కూడా పట్టుకోలేను. ఆరు నెలలు పెంచుకున్నది ఒక్క గీతతో పోయింది. తెర ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. మీ అమ్మ వచ్చి దీపం వేసేదాకా చీకటి పడిందని చూసుకోలేదు.

అప్పుడు వెలిగింది నాకు. నీకు తెలుసు. ఏప్రిల్‌లోనే తెలుసు. ఇంకో డెక్ అన్నది అందుకు! ఆ ముక్క నాకు అర్థం కాలేదు. సూదికి అయింది. ఆటగాళ్ళు కార్డులు మార్చుకోవచ్చు కదా, ఒకటో తారీకునే తన ముగ్గురు కాపర్లనీ ఎవరికో అంటగట్టి, బదులుగా మంచి కార్డులు తీసుకుందట. తన స్నేహితులిద్దరికి కూడా చెప్పిందట. ఇవాళ నాకు "థాంక్సండీ బాబాయిగారూ" అని రాసింది.

నా మీద అంత దయే ఉంటే తిన్నగా చెప్పాల్సింది. లేదంటే అసలే చెప్పకుండా ఉండాల్సింది. ఈ సగంసగం ఏమిటమ్మా?

ఇట్లు
దానయ్య


మే 10

మావయ్యా,

సగంసగం చేశాను. నిజమే. అడిగావు కాబట్టి మిగతా సగం కూడా చెప్పేస్తాను.

ఆ రిపోర్టు రాసింది నేనే. ముగ్గురు కాపర్లు దిగిన ఆటల్లో పదింట ఏడుసార్లు ఎదుటివాళ్ళు మధ్యలోనే లేచిపోతున్నారు. కొత్తగా చేరినవాళ్ళు అలా రెండుసార్లు చేతులు కట్టేసినట్టయితే మళ్ళీ ఆ ఆట మొహం చూడటం లేదు. ఆ లెక్కలు తీస్తూ ఎక్కువగా గెలిచినవాళ్ళ జాబితా తెరిస్తే పన్నెండో పేరు "మూడోసారి". కుర్చీలోంచి లేచి నీళ్ళ మిషన్ దాకా వెళ్ళి, తాగకుండానే తిరిగొచ్చాను. మీటింగులో "ఒకటి చాలదేమో, రెండు ఉంచుదాం" అన్నాను. ఎందుకని అడిగారు. నా దగ్గర జవాబు లేదు, నువ్వు తప్ప. సిగ్గేసి, ఒకటే అని నేనే మార్చి రాశాను.

ఇప్పుడు ఇక్కడ విచారణ జరుగుతోంది. లిస్టుకి రెండు రోజుల ముందు కాపర్లను వదిలించుకున్నవాళ్ళని పట్టుకున్నారు. సంగతి ఎలా పొక్కిందో సూది చెప్పడం లేదట. మా టీములో ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. ఎవరికీ ఏమీ చెప్పలేదని నేను సంతకం పెట్టాను.

వాళ్ళ చేతిలో ఏ ఆధారమూ లేదు. పది రోజులైతే అదే చల్లారిపోతుంది. నువ్వు మాత్రం ఏమీ చెయ్యకు. సూదికి జవాబివ్వకు. నోరు మెదపకు అని రాసి, కొట్టేశాను. చూడు, నీకు రాయకూడని మాట.

నీ
అమ్మడు


మే 11

బంగారుతల్లీ,

నా పాత ఉత్తరానికి నీ జవాబింకా రాలేదు. కోపమొచ్చి రాయలేదేమో. రాకపోయినా నేను రాయాల్సిందే. మీ ఆఫీసులో విచారణట, నువ్వు సరిగా తినడం లేదట. మీ అమ్మ ఫోన్ పెట్టేశాక నా గదిలోకొచ్చి ఏడ్చింది. దానయ్యగాడి కోపం అక్కడితో దిగిపోయింది.

నా వల్ల నీకు మాట రానిస్తానా? ఇవాళ పొద్దున్నే మీ మేనేజరుగారికి మూడు పేజీల ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. మంచి కాగితం, మంచి ఇంకు. మా మేనకోడలు నిప్పులాంటి పిల్ల, నా డెక్ ఎలా ఉందో చెప్పమని బతిమాలినా రూల్సు ఒప్పుకోవంది, ఏ రహస్యమూ చెప్పలేదు, ఇంకో డెక్ కూడా నేర్చుకోమంది, అంతే, అని స్పష్టంగా రాశాను. నీ ఉత్తరంలో మాటలు ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాశాను. సూదికి తోచింది సూది చేసింది, అందులో పిల్ల తప్పేమీ లేదని గీత గీసి మరీ రాశాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నోరు పోయినా చేతిరాత ఉందిగా. నువ్వు నిశ్చింతగా భోంచెయ్యి.

నీ మావయ్య


మే 24

మావయ్యకు,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. నాది నీకు చేరేసరికి నీది మేనేజరుగారి బల్ల మీద ఉంది.

సోమవారం పిలిచారు. అద్దాల గది. బల్ల మీద నీ మూడు పేజీలు.

"మీ మావయ్యగారి చేతిరాత చాలా బాగుంది," అన్నారావిడ. తర్వాత రెండో పేజీ నా ముందుకు జరిపారు. "ఇంకో డెక్ నేర్చుకోమని ఆయనకి ఎప్పుడు రాశారు?"

"ఏప్రిల్‌లోనండీ."

"ఏప్రిల్‌లో ఎప్పుడు?"

"పదమూడున."

"కాపరిని ఒకటికి తగ్గించడం ఖాయమైంది తొమ్మిదిన. అదీ మీ రిపోర్టుతోనే."

"అవునండీ."

"మరి ఎవరికీ ఏమీ చెప్పలేదని సంతకం పెట్టారేం?"

ఆవిడ నీ పేజీలు మడిచి పక్కన పెట్టారు. "మొదటిరోజే వచ్చి చెప్పుంటే ఒక హెచ్చరికతో పోయేదమ్మా," అన్నారు. తిట్టినా బాగుండేది.

అరగంటలో నా బల్ల ఖాళీ చేయించారు. తలుపులూ లిఫ్టూ తెరిచే కార్డు తాళం తీసేసుకున్నారు. కాబట్టి లిఫ్టు దాకా పక్కనెవరో నడిచి వచ్చి బటన్ నొక్కాల్సొచ్చింది. నాలుగేళ్ళు మావయ్యా. నేను బాగా చెయ్యగలిగిన పని అదొక్కటే.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నువ్వు అంత ప్రేమగా, అంత మంచి ఇంకుతో వేశావు మందు. ఎవరడిగారు నిన్ను? నన్ను ఒక్కమాట అడిగి ఉండకూడదా?

కొన్నాళ్ళు నాకు రాయకు. అమ్మకి నేనే చెప్పుకుంటాను.

అమ్మడు


జూన్ 2

అమ్మడూ,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ రాసి ఆగిపోతాను.

మీ మేనేజరుగారికి ఇంకో ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాను. నా చేత్తో ఇంకేం పాడుచేస్తానో నాకే భయమేసింది. మీ అమ్మ నాతో మాట్లాడటం లేదు. నా భోజనం పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి పోతోంది. కోపం వస్తే మీ ఇద్దరి గిన్నెల చప్పుడూ ఒకేలా ఉంటుంది.

పోటీకి వెళ్ళను. నీ అన్నం పడగొట్టి నేను ఆట ఆడుకోవడమేమిటి? తప్పుకుంటున్నానని రేపు వాళ్ళకి తెలియజేస్తాను.

క్షమించమని అడగను. అడగడానికి ముఖం లేదు.

మావయ్య


జూన్ 7

మావయ్యకు,

నువ్వు మానేస్తే నా ఉద్యోగం తిరిగి రాదు. ఇద్దరికీ రెండు చేతులూ ఖాళీ అవుతాయి, అంతే. ఒక్క కాపరితో డెక్ ఎలా కట్టాలో వెనక పేజీలో రాశాను. ఇప్పుడు నాకు ఏ రూలూ లేదు, ఎవరికైనా ఏదైనా చెప్పుకోవచ్చు.

వెళ్ళు.

అమ్మడు


జూన్ 23

అమ్మడూ,

వెళ్ళాను, వచ్చాను. తప్పుకుంటానని వాళ్ళకి రాసేలోపే నీ ఉత్తరం అందింది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

హాలు పెద్ద గోదాములా ఉంది. వరసలుగా బల్లలు, ఒక్కో బల్లకి రెండు తెరలు. మాట్లాడలేను కాబట్టి నాకు పలకంత తెల్లబోర్డూ, చెరిపే పెన్నూ ఇచ్చారు. నువ్వు రాసిచ్చిన డెక్‌తో మొదటి రెండు ఆటలూ గెలిచాను. ఒకటి చెప్పాలి. ముగ్గురు కాపర్లున్నప్పుడు ఎదుటివాళ్ళ చేతిలో ఏముందో నేనెప్పుడూ చూడనేలేదు, వెయ్యనిస్తేగా! ఈసారి వాళ్ళు వేశారు. ఎన్నెన్ని కార్డులున్నాయే అందులో! మార్కెట్లో ఒక్కడే పాడుతుంటే నేను వేలం ఆపేసేవాణ్ణి. ఇక్కడ ఆరు నెలలు ఆ ఒక్కణ్ణీ నేనే. నీ రిపోర్టు సరైనదే.

మూడో ఆట ఒకావిడతో. ఆస్పత్రిలో నర్సట, డ్యూటీ మార్చుకుని వచ్చింది. నా మెడ చూసి మొహం తిప్పుకోని మొదటి మనిషి ఆవిడే. "శుభ్రంగా ఉంచుకుంటున్నారు, మంచిది" అంది. ఆట మొదలయ్యేలోపు తన గోడు వెళ్ళబోసుకుంది. "ఏడాదంతా ఆడి సంపాదించుకున్న మూడు నీలి తుఫాను కార్డులండీ. మే ఒకటిన సూది అని ఎవరికో ఇచ్చి ముగ్గురు కాపర్లను తీసుకున్నాను. రెండ్రోజులకే లిస్టు. ఆవిణ్ణి ఆటలోంచి తీసేశారట, నాకేం లాభం? జరిగిన మార్పిడి జరిగినట్టేనన్నారు. ఇది అరువు డెక్కు."

ఊరుకుంటే ఆవిడకి తెలిసేది కాదు. బోర్డు మీద రాశాను: "సూదికి లిస్టు సంగతి ముందే చేరింది నా దగ్గర్నుంచే. తెలియక చేశాను. క్షమించండి."

ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది. తన చేత్తోనే ఆ అక్షరాలు తుడిచేసి, "ఆట మొదలుపెట్టండి, టైము పోతోంది" అంది.

ఓడిపోయాను. చక్కగా, ఏ కుంటిసాకూ లేకుండా ఓడించింది. లేచి చెయ్యి చాపాను. అందుకోలేదు. సంచీ సర్దుకుని నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "మీ గుడ్డ తడిసిపోయింది. బయట దుమ్ముగా ఉంది, మార్చుకుని వెళ్ళండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

రైల్లో అంతా అదే ఆలోచన. ఆటలే కదా అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇది చదివి చింపేసినా సరే.

మావయ్య


జూన్ 30

మావయ్యా,

చింపలేదు.

ఆ నర్సుగారు ఆటలో ఏ పేరుతో ఉన్నారో కనుక్కుని రాయి. నా సొంత ఖాతాలో నీలి తుఫానులు రెండున్నాయి. మూడోదానికి వేరే కార్డులు ఇచ్చి తెస్తాను. మూడూ ఆవిడకి పంపుతాను. పుచ్చుకుంటుందో లేదో ఆవిడ ఇష్టం. లిస్టు గురించి నోరు విప్పకూడదనే రూలు కంపెనీ గొప్ప కోసం అనుకునేదాన్ని. అది ఆవిడ కోసమని నువ్వు రాసేదాకా నాకు తట్టలేదు, ఆ పనే చేస్తూ నాలుగేళ్ళున్నాను.

ఇంకొకటి. నీ మూడు పేజీల్లో ఒక్క అబద్ధం లేదు. అబద్ధం రాసి సంతకం పెట్టింది నేను. ఇది అద్దాల గదిలోంచి బయటికొచ్చిన రోజే నాకు తెలుసు. రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. అయినా నీ మీద కోపం పూర్తిగా పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. రాత్రుళ్ళు ఒక్కోసారి లేచి కూర్చుని నీతో మనసులోనే పోట్లాడుతుంటాను. మనసులో నీకు గొంతుంది, అన్నీ దబాయిస్తావు.

రెండుచోట్ల ఉద్యోగానికి వెళ్ళొచ్చాను. ఇద్దరూ పాత కంపెనీ ఎందుకు మానేశారని అడిగారు. చెప్పాను. ఒకరు లేచి నిలబడి నమస్కారం పెట్టేశారు. రెండోవాళ్ళు ఆలోచించుకుని చెబుతామన్నారు.

గది ఖాళీ చేస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం బండికి బయల్దేరతాను. అమ్మకి చెప్పకు, స్టేషనుకొచ్చి నా పెట్టెలు మోస్తానంటుంది. ముందు నీ గదికే వస్తాను. మనం చాలా పోట్లాడాలి. నువ్వు రాస్తూ, నేను అరుస్తూ.

తలుపు కొడితే "ఎవరది" అని నువ్వు అడగలేవు. అందుకే ముందుగా రాస్తున్నాను. నేనే.

అమ్మడు